హెస్టర్ అచ్చుకు ఇవ్వని పాట

షెఫీల్డ్ వెళ్లొచ్చానని చెప్తే మా వీధిలో ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారు: "చాకులు తెచ్చారా?" ఒకప్పుడు మంచి చాకు మీద ఆ ఊరి పేరు చెక్కి ఉండేది కాబట్టి వాళ్ల తప్పేం లేదు. చాకులు తేలేదు. ఒక పాటలో ఒక్క పాదం మాత్రం తెచ్చుకున్నాను. దానికోసం నేను వెళ్లలేదు, అడగలేదు. కూర్చోకూడని చోట కూర్చోవడం వల్ల దొరికింది.

ఈస్ట్ హామ్

మా తమ్ముడి కూతురు లావణ్య లండన్ తూర్పు వైపున ఈస్ట్ హామ్‌లో ఉంటుంది. ఆ వీధిలో దిగిన మొదటి రోజు నాకు విదేశం వచ్చినట్టే అనిపించలేదు. దొండకాయలు, అరటిపువ్వు, మల్లెమొగ్గలు, పూజసామాను అన్నీ ఉన్నాయి. కరివేపాకు చిన్న పొట్లం ఒక పౌండు. రూపాయల్లోకి మార్చి చూసి, ఇంట్లో పెరటి చెట్టు నుంచి ఇన్నేళ్లు ఎంత సంపద ఊరికే తుంచి పారేశానో అని దిగులుపడ్డాను. "అత్తా, లెక్కలు కట్టకు. కడితే ఇక్కడ నీళ్లు కూడా తాగలేవు" అంది లావణ్య. దాని కూతురు నేను తెలుగులో అడిగినవన్నిటికీ ఇంగ్లీషులో జవాబు చెప్పింది. ఇద్దరం ఒకరినొకరం చక్కగా అర్థం చేసుకున్నాం.

అక్కడ ఉండగానే సింధు ఫోన్ చేసింది. సింధుది తెనాలి. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో కొన్నాళ్లు లావణ్య ఇంట్లోనే ఉండి, తర్వాత షెఫీల్డ్‌లో పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్‌కి చేరింది.

"ఆంటీ, మీరు పేపర్లో కచేరీల మీద రాసేవారంట కదా? లావణ్యక్క చెప్పింది. ఈ ఆదివారం ఇక్కడ నేనొక పాట పాడాలి. మీరు రావాలి."

"ఏం పాట?"

"చెప్పినా తెలీదు ఆంటీ. నెట్‌లో వెతికినా దొరకదు. అసలు ఎక్కడా రాసిలేదు. అందుకే రమ్మంటున్నా."

నా ఉద్యోగమంతా డెస్కు మీదే గడిచింది. ఎక్కడా రాసిలేనిది ఉందని ఎవరైనా అంటే ఇప్పటికీ కాలు నిలవదు.

ఉత్తరం వైపుకి

రైల్లో నా ఎదుట ఒక పెద్దాయన ఒళ్లో ముసలికుక్కని పెట్టుకుని కూర్చున్నాడు. నా టిఫిన్ డబ్బాలోని పులిహోర వైపు కుక్క చూసిన చూపుకి ఆయనే ముందు క్షమాపణ చెప్పాడు. ఎక్కడికి వెళ్తున్నారని అడిగితే, సింధు ఫోన్లో చివర చెప్పిన పేరు గుర్తుచేసుకుని, హెస్టర్ వేన్‌రైట్ అనే పాతకాలపు గాయని పాట వినడానికని చెప్పాను. ఆయన నొసలు ముడిచి ఆలోచించి, "నేను వినలేదు. క్షమించాలి" అన్నాడు, ఆ తప్పు తనదే అయినట్టు. ఆ తర్వాత అడిగినవాళ్లంతా అదే మాట, అదే క్షమాపణ. ఆ దేశంలో ఆవిడ పేరు తెలిసినవాళ్లు ఒక గదిలో సరిపోతారు. ఆ గదిని తర్వాత చూశాను.

షెఫీల్డ్

ఊరంతా ఎత్తుపల్లాలే. వీధి మలుపు తిరిగినప్పుడల్లా ఇంకో కొండ ఎదురొస్తుంది. ఎర్ర ఇటుకల ఇళ్లు ఒకదాని భుజం ఒకటి పట్టుకుని పైకి ఎక్కుతుంటాయి. స్టేషన్లో సింధు మోకాళ్ల దాకా దిగిన కోటు వేసుకుని, దాని మీద చెవులకు చున్నీ చుట్టుకుని నిలబడింది. అద్దెయింట్లో ఉండే ఆడపిల్లలంతా కలిసి నాకోసం గోంగూర పప్పు వండారు. తింటూ సింధు కథ మొదలుపెట్టింది.

వారాంతాల్లో ఆమె కేరర్‌గా పనిచేస్తుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకి వంతుల ప్రకారం వెళ్లి టిఫిన్ పెట్టి, మందులు ఇచ్చి రావాలి. అలా వెళ్లిన ఇంటి యజమానురాలు డోరతీ, పిల్లలకు పియానో చెప్పి రిటైరైన టీచరు. ఒకరోజు సింధు గిన్నెలు కడుగుతూ ఏదో వర్ణం కూనిరాగం తీస్తుంటే ముందుగదిలోంచి కేక వచ్చింది: "ఆ స్వరం మీద అలా జారడం నీకు ఎవరు నేర్పారు?"

"మా టీచరు అన్నాను ఆంటీ. ఆమె దగ్గర కాగితం చూసి నేర్చుకున్నావా అంది. కాదు, ఆమె పాడితే నేను పాడా అన్నా. అంతే, చేతిలో ఉన్న ప్లేటు లాక్కుని కూర్చోమంది."

హెస్టర్ కథ కొంత సింధు చెప్పింది, కొంత మర్నాడు డోరతీ చెప్పింది. కలిపి ఇక్కడ రాస్తున్నాను. హెస్టర్ రెండు వందల ఏళ్ల కిందటి మనిషి. తండ్రి చాకులకు కొమ్ముపిడులు బిగించే పనివాడు. చర్చిలో ఈమె గొంతు విన్న ఒక సంపన్నురాలు లండన్ తీసుకెళ్లింది. అక్కడ పెద్దిళ్ల హాళ్లలో పియానో తనే వాయించుకుంటూ తను కట్టిన పాటలు తనే పాడేది. జనం ఏడ్చేవారట. పాటలు అచ్చువేస్తామని ప్రచురణకర్త వచ్చాడు. మొదట 'ఒక స్త్రీ' అని వేశాడు. అవి బాగా అమ్ముడుపోయాక, మగవాడి పేరుంటే ఇంకా పోతాయని ఒక సంగీత మాస్టారి పేరు వేశాడు. ఒక సాయంత్రం ఏదో ఇంట్లో ఒక అమ్మాయి ఈమె పాటే పాడబోతుంటే, ఆ అమ్మాయి తండ్రి ఆ మాస్టారి ప్రతిభ గురించి ఈమెకే వివరించాడట. హెస్టర్ ఆ అమ్మాయికి పియానో వాయించి పెట్టింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా వార్తలు పేరు లేకుండా అచ్చయ్యేవి. అదే పెద్ద కష్టమనుకునేదాన్ని. పేరు లేకపోవడం వేరు, ఆ చోట ఇంకొకరి పేరుండడం వేరు అని గోంగూర పప్పు ముందు కూర్చుని తెలుసుకున్నాను.

జ్వరమొచ్చి గొంతు దెబ్బతిన్నాక హెస్టర్ ఈ కొండల్లోకి తిరిగొచ్చింది. ఒక ఊళ్లో గది తీసుకుని ఆడపిల్లలకి పాట నేర్పింది. అక్కడ కట్టిన ఒక పాటని మాత్రం ఎవరికీ రాసివ్వలేదు. తన నోటినుంచి ఒకే ఒక్క శిష్యురాలికి ఇచ్చి, నువ్వూ ఇలాగే ఇవ్వాలి అంది. ఆ శిష్యురాలు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి. చలికాలం పోయే రోజుల్లో ఒక ఆదివారం ఏడాదికొకసారి అదే గదిలో పాడతారు. రికార్డు చేయకూడదు, రాసుకోకూడదు. అలా డోరతీదాకా వచ్చింది. నేర్చుకుంటామని వచ్చినవాళ్లంతా ముందు అడిగేది కాగితమే. లేదంటే వెళ్లిపోయేవారు. డోరతీకి ఇప్పుడు పాడే గొంతు దాదాపు పోయింది. చేతులు మాత్రం ఇంకా వాయిస్తాయి.

డోరతీ ముందుగదిలో

శనివారం మధ్యాహ్నం వెళ్లాం. డోరతీ సన్నగా, పొడుగ్గా, ఇంట్లో కూడా మఫ్లర్ చుట్టుకుని ఉంది. "పత్రికాయన వస్తాడనుకున్నా. ఆడమనిషివా! మరీ మంచిది, లవ్" అంది. అక్కడ బస్సు డ్రైవరు, కూరగాయలమ్మే అబ్బాయి అందరూ అందరినీ 'లవ్' అనే పిలుస్తారు. మన 'అమ్మా' లాంటిదే. నాలుగు రోజులు పోయాక అది లేకపోతే కోపం వచ్చిందేమో అనిపిస్తుంది.

నన్ను తికమకపెట్టింది ఇంకొకటి. సింధు తన గురువుని 'డోరతీ' అని పేరుపెట్టి పిలుస్తోంది. పక్కకి లాగి అడిగాను.

"మేడం అంటే తిట్టిద్ది ఆంటీ. ఒకసారి కాళ్లకి దండం పెడితే, కింద ఏం పడేసుకున్నావు, వెతకనా అంది."

టీతో పార్కిన్ పెట్టింది. ఓట్‌పిండి, అల్లం, నల్లటి బెల్లంపాకం లాంటిది కలిపి కాల్చిన ముక్క. కళ్లు మూసుకుని తింటే మన మిఠాయి కొట్లో ఏదో తిన్నట్టే. బదులుగా సింధు ఆ ఇంట్లో చింతకాయ పచ్చడి అలవాటు చేసింది. డోరతీ దాన్ని కాల్చిన బ్రెడ్డు మీద, చీజ్ కింద పూసుకుని తింటుంది. రుచి చూడమంది. చూశాను. అంతకు మించి ఏమీ రాయను.

తర్వాత డోరతీ పియానో దగ్గర కూర్చుంది. సింధు పాడింది.

గడ్డకట్టిన వాగు గురించిన పాట అది. మొదటి చరణంలో మంచు కింద నీళ్లు కదులుతున్నాయి, ఎవరికీ వినపడవు. రెండో చరణంలో ఒక ఆడమనిషి మంచు మీద చెవిపెట్టి వింటుంది. మూడో చరణం చివర మంచు పగులుతుంది. వరస చాలా సాదా. కానీ ప్రతి చరణానికీ అదే వరస కొంచెం కొంచెం మారుతూ పోతుంది, మన కృతుల్లో సంగతుల్లాగే. నేను ఎన్నో కచేరీలు విన్నాను. రాసుకోవడానికి పెన్ను తీసి, తీసినట్టు కూడా గుర్తులేకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నది తక్కువ.

మూడో చరణం చివరికి వచ్చింది. అక్కడ సింధు చిన్నగా ఆగింది. టక్కున ఒక ఊపిరి పీల్చి, స్వరాన్ని కిందికి దించి ముగించింది.

పియానో ఆగిపోయింది. డోరతీ నవ్వింది. నవ్వుతూనే చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అది నా ఆయాసం, లవ్. పాట కాదు."

సింధు తెల్లబోయింది. "మీరు పాడింది పాడినట్టే పాడాను కదా!"

అందులో అబద్ధం లేదు. మన పిల్లలు అలాగే నేర్చుకుంటారు. గురువు గొంతు సవరించుకుంటే శిష్యుడూ సవరించుకుంటాడు. తన గురువు లాగే ఎడమ చెవి పట్టుకుని పాడే ఒక విద్వాంసుణ్ని నేను ఎరుగుదును. ఆ గురువుకి ఆ చెవి వినపడేది కాదు, అందుకని పట్టుకునేవాడు. ఈ మాట చెప్తే డోరతీ మళ్లీ నవ్వింది కానీ ఎక్కువసేపు నవ్వలేదు. అక్కడ స్వరం పైకి వెళ్లాలట, తారస్థాయిలోకి. మంచు పగిలేది అక్కడే. కొన్నేళ్లుగా తన గొంతు అక్కడికి చేరడం లేదు. చేరలేక దించుకుంటోంది. ఆ చివరి పాదం నేర్పింది కిందటి వారమే. తన ఆయాసం తనకే వినపడలేదు.

"పియానో మీద చూపించొచ్చు కదా?" అన్నాను.

డోరతీ ఒక మెట్టు నొక్కింది. "వెళ్లాల్సింది ఇక్కడికి. దారి మాత్రం దీంట్లో లేదు."

ఇక మొదలైంది. ఆ స్వరాన్ని ఆవిడ పాడి చూపించే వీల్లేదు. సింధు ఆగకుండా ఒకే ఊపిరిలో ఆ స్వరానికి ఎగబాకింది. "కాదు." గమకంతో వెళ్లింది. "కాదు." నేరుగా పట్టుకుంది. "అది మంచు పగలడం కాదు, టీకప్పు పగలడం." డోరతీ కళ్లు మూసుకుని వింటోంది. ఆ స్వరం ఆవిడ చెవిలో ఉంది, గొంతులో లేదు. ఎలా ఉండాలో చెప్పలేదు, ఎలా ఉండకూడదో మాత్రమే చెప్పగలదు. కిటికీలో వెలుగు తగ్గింది, టీ చల్లారింది. సింధు గొంతు బొంగురుపోయింది. డోరతీ లేచి తేనె, నిమ్మరసం కలిపిన వేడినీళ్లు తెచ్చి, "చాలు. రేపు చూద్దాం" అంది. మర్నాడే ఆదివారం.

తిరిగొస్తూ బస్సులో సింధు కిటికీలోంచే చూస్తూ మాట్లాడింది.

"రేపు నేను పాడకపోతే పాట ఆగిపోయిద్ది ఆంటీ. ఇంకో ఏడాదికి ఆమె ఉంటుందో లేదో. పోనీ పాడితే, తప్పు పాటే మిగిలిపోయిద్ది. నా తర్వాత నేర్చుకునేవాళ్లకి నేను పాడిందే కరెక్టు కదా. రెండు వందల ఏళ్లు ఎవరూ పాడుచెయ్యలేదు, తెనాలి నుంచొచ్చి నేను చేస్తానా?"

నా కాలంలో తప్పు పడితే మర్నాడు సవరణ వేసేవాళ్లం. ఈ పాటకి సవరణ వెయ్యడానికి కాగితమే లేదు.

కొండ మీద ఊరు

ఊరి పేరు రాయవద్దని డోరతీ కోరింది. "జనం వస్తారు. కుర్చీలు చాలవు" అంది. ఆవిడ పక్కింటివాళ్ల కారులో వెళ్లాం. చెట్లు లేని గోధుమరంగు కొండలు, రాళ్లు పేర్చిన గోడలు, గొర్రెలు. దారిలో వాగు ఒకటి కనపడితే సింధు కారు ఆపమంది. ఒడ్డున ఇంకా మంచుపలకలు ఉన్నాయి. పాటలోని ఆవిడలాగే వంగి చెవిపెట్టి వింది. నేనూ విన్నాను.

"ఏమన్నా తెలిసిందా?"

"నీళ్ల చప్పుడే ఆంటీ. చెవి మాత్రం గడ్డకట్టింది" అంది, చున్నీ బిగించుకుంటూ. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడే.

గది చిన్నది. రాతిగోడలు, మధ్యలో పొయ్యి, పాత పియానో. నలభైమంది దాకా ఉంటారు, చాలామంది నెరిసిన తలలవాళ్లే. అందరూ ఇంటినుంచి తెచ్చిన కేకులు గోడవార బల్ల మీద పెట్టారు. కుర్చీలన్నీ నిండిపోయాయి. పియానోకి ఎడమపక్కన మాత్రం ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ముందువరసలో, చక్కగా కనిపించే చోటు. పత్రికలవాళ్లకి ముందువరస అలవాటే. వెళ్లి కూర్చున్నాను.

గదిలో మాటలు ఆగాయి. అందరూ నన్ను చూసి చిరునవ్వు నవ్వారు. విదేశీయురాలినని ఆదరిస్తున్నారనుకుని నేనూ నవ్వి, నమస్కారం పెట్టాను. సింధు నావైపు చూసి ఏదో చెప్పబోయింది. అప్పటికే డోరతీ చేతులు పియానో మెట్ల మీద పడ్డాయి.

మొదటి చరణంలో సింధు గొంతు వణికింది. రెండోదానికి స్థిరపడింది. నేను పొయ్యిలో మంటని చూస్తూ కూర్చున్నాను, ఆమె మొహం చూసే ధైర్యం లేక. మూడో చరణం. మంచు కింద నీళ్లు పెరుగుతున్నాయి. ఆ చోటు వచ్చింది. ఆమె ఆగింది. టక్కున ఊపిరి పీల్చింది. డోరతీ ఊపిరి, అచ్చంగా అదే. పోయింది, అనుకున్నాను.

ఆ ఊపిరి మీదనుంచి స్వరం పైకి లేచింది.

ఎక్కినట్టు లేదు. ఇన్నాళ్లూ కింద ఆగివున్నది ఇక ఆగలేనట్టు ఉంది. ముందురోజు సాయంత్రమంతా ఆ ఊపిరిని తీసేసి వెళ్లాలని చూసి ఆమె ఓడిపోయింది. దాన్ని ఉంచుకుంటేనే దారి దొరికింది. ఇంకో ఆశ్చర్యం, డోరతీ చేతులు. తన ఆయాసం కోసం ఏళ్లుగా అక్కడ క్షణం ఆగడం అలవాటైన ఆ చేతులు ఈసారి కూడా ఆగాయి. ఆ ఖాళీలో, ఏ ఆసరా లేకుండా, ఆ అమ్మాయి గొంతు ఒక్కటే గదిలో ఉంది. నా పక్క వరసలో ఒక ముసలాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

పాట అయిపోయింది. చప్పట్లు కొట్టడం అక్కడ ఆచారం కాదు. అందరూ డోరతీని చూశారు.

"అదే," అంది ఆవిడ.

"ఆ ఊపిరి కూడా వచ్చేసింది. సారీ డోరతీ. తీసేద్దామనుకున్నా, రాలేదు" అంది సింధు. కళ్లలో నీళ్లున్నాయి.

"ఉండనీ, లవ్. నా టీచరు నాకిచ్చినదాంట్లో ఆవిడ పంటినొప్పి ఎంత ఉందో నాకేం తెలుసు?"

గది ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను, కానీ ఆ మాట నన్ను వదలలేదు. హెస్టర్ పేరుని అచ్చు చెరిపేసింది. ఇక్కడ ఎవరి పేరూ లేదు, అయినా ఒక్కొక్కరి ఊపిరీ మిగిలింది. అచ్చయినదే నిలుస్తుందని నమ్మి బతికినదాన్ని నేను. ఆ పొయ్యి పక్కన కూర్చుని ఆ నమ్మకాన్ని కొంచెం పక్కకి జరిపాను.

ఆ కుర్చీ

కేకుల దగ్గరికి వెళ్లాలని లేవబోయాను. డోరతీ చెయ్యి ఎత్తి ఆపింది.

"నువ్వెక్కడికి? నువ్వు అక్కడ కూర్చున్నావు కదా."

అప్పుడు చెప్పారు. పియానోకి ఎడమపక్క కుర్చీ, పాటని తర్వాత నేర్చుకోబోయే మనిషిది. చాలా ఏళ్లు ఖాళీగా ఉండి, కిందటేడాది సింధు కూర్చుందట. ఈ ఏడాది మళ్లీ ఖాళీ. కొత్త మనిషి కూర్చుంటే, ఆ రోజే మొదటి పాదం అందరి ముందూ నేర్చుకోవాలి.

"నాకు తెలియదు! ఎవరూ చెప్పలేదే!" అన్నాను.

"చెప్తే మర్యాదగా ఉండదని," అన్నాడు టోపీ ముసలాయన, బాధగా.

"నా గొంతు పాడడానికి పనికిరాదు. కచేరీల మీద రాయడానికే పనికొచ్చింది."

"రాసినవాళ్లు ఒకసారి పాడితే మంచిదే ఆంటీ" అని సింధు తెలుగులో అంది. నలభైమందిలో నాకు తప్ప ఎవరికీ అర్థంకాలేదు కానీ ఆ స్వరానికి అందరూ నవ్వారు. ఎన్ని గొంతుల మీద ఎన్ని వాక్యాలు రాశానో, అవన్నీ ఆ క్షణంలో నా ఎదుట వరసగా నిలబడ్డాయి.

సింధు మొదటి పాదం పాడింది. నేను పాడాను. సింధు కళ్లు మూసుకుని వింది. "కాదు," అంది. మళ్లీ పాడాను. "కాదు." నిన్నటి డోరతీ మొహమే అది, ఇరవై రెండేళ్ల పిల్ల మీద. ఎన్నిసార్లు పాడానో లెక్కపెట్టలేదు. చివరికి ఆమె చెయ్యి గాలిలో ఆగింది. డోరతీ నావైపు కాకుండా సింధు వైపు చూసి తల ఊపింది. ఆ తల ఊపు నా పాటకి కాదని నాకు తెలుసు. తను వెతికిన చెవి సింధులో దొరికిందని.

ఇంటికొచ్చి చాలా రోజులైంది. పొద్దున్నే కరివేపాకు తుంచుతూ ఆ పాదం పాడుకుంటాను. అక్కడితో ఆగిపోతుంది, నీళ్లు ఇంకా మంచు కిందే ఉన్నాయి. కిందటి వారం సింధుకి ఫోన్ చేసి, రెండో పాదం మాటలన్నా రాసి పంపించమ్మా, వరస తర్వాత చూసుకుందాం అన్నాను.

"కుదరదు ఆంటీ. మీరే రావాలి. కుర్చీ మీదే" అంది.

ఫోన్లో ఆమె వెనకాల డోరతీ పియానో మోగుతోంది.